సముద్రములో ఒక కోవెల



ఊరిలో గుడి కట్టవలెనన్నచో మొదట కావలసినది సొమ్ము కాదు, స్థలము. ఈ సంగతి మీకు నేను చెప్పనక్కఱలేదు. గ్రామకంఠములో ఒక మూల చూపువారుండిరా, ఆవల ఇటుక తోలువాడొకడు, సున్నము పంపువాడొకడు, పందిరి వేయించువాడొకడు దొరకుచునే యుందురు. నిలుచుటకు నేల కుదిరినచో తక్కినవన్నియు ఒకటొకటిగా సమకూరును. ఐతే, తరతరములుగా ఒక నేలను దున్ని, నాటి, కోసియు, ఆ నేలమీద తన వేల్పును నిలుపుకొనుటకు బెత్తెడు చోటు లేనివాడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు ఒక కూలివాడు తన రెండు చేతులతో చెప్పిన జవాబు పడమటి ఇండియా దీవులలో ఒక చిన్న ఊరి చెంత నేటికిని నిలిచియున్నది. నేను ఆ ఊరు చూచి వచ్చితిని. నేటి ప్రసంగములో మిమ్ములను అచ్చటికి తీసికొనిపోవ దలచితిని.

ఆ దీవి పేరు ట్రినిడాడు. దక్షిణ అమెరికా ఖండమునకు ఉత్తరపు కొనలో, వెనిజులా దేశమునకు కూతవేటు దూరమనదగినంత దగ్గఱగా అది యున్నది. మన కిచ్చట దీపములు పెట్టు వేళకు వారి కచ్చట ప్రొద్దెక్కి ఒక జామగును. అంతటి దూరము. అయినను అచ్చట కాలు మోపిన తెలుగువానికి పరదేశమునకు వచ్చితినను భావము వెంటనే కలుగదు. కొబ్బరి, మామిడి, అరటి కన్నులకు కనబడుచుండును. ఎండ మన యెండవంటిదే. వాన మన వానవంటిదే. ముంగిట వెదురుగడలకు కట్టిన రంగురంగుల జెండాలు గాలికి ఆడుచుండును. ఇంటిలో పూజ జరిగినపుడెల్ల ఒక జెండా నాటుట అచ్చటి హిందువుల ఆచారము. ఎఱ్ఱజెండా కనబడినచో ఆ యింట హనుమంతునికి పూజ జరిగినదని తెలిసికొనవచ్చును. ఆ జెండాల వలననే ఈ వీథిలో మనవారి యిండ్లెన్ని యున్నవో దారిన పోవువాడు లెక్క పెట్టగలడు.

రాజధానియైన పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నగరమునుండి దక్షిణముగా బయలుదేరితిమి. దారి యంతయు మైదానము. చగువానాస్ అను సంతపట్టణము దాటి, పడమటికి తిరిగి, కారపిచైమా అను ఊరు చేరితిమి. అచ్చట దత్తాత్రేయుని ఆలయ మొకటి దక్షిణదేశపు పద్ధతిని కట్టబడియున్నది. దాని యావరణలో 2003వ సంవత్సరమున ప్రతిష్ఠించిన 85 అడుగుల హనుమంతుని విగ్రహము చాల దూరమునకు కనబడును. యాత్రికులు పలువురు దానిని చూచి, ఫొటోలు తీసికొని, అచ్చటినుండియే వెనుకకు మరలిపోవుదురు. ఇంకను కొంచెము పడమటికి పోయినచో దారి సన్నగిలును, ఇండ్లు పలుచబడును, తుదకు దారి సముద్రపుటొడ్డున ఆగిపోవును. అదియే వాటర్లూ.

ఈ పేరు మీలో చరిత్ర చదివినవారికి కొత్తది కాదు. నెపోలియను చక్రవర్తి 1815లో బెల్జియము దేశమున ఓడిపోయిన రణరంగమునకు అదియే పేరు. ఆ పేరు పెట్టుకొన్న చెఱకుతోటను బట్టి ఈ ఊరు వెలసినది. ఇచ్చట ఫిరంగులు మ్రోగలేదు. మిట్టమధ్యాహ్నము పోయినచో మనుష్యసంచారమే అరుదు. ఒడ్డున జాలరుల పడవలు కట్టివేసి యుండును. నీరు తీసిన బురదపఱ్ఱ మీద తెల్లకొంగలు మెల్లగా అడుగులు వేయుచుండును. గూడకొంగలు పాత గుంజలపై కూర్చుండి యుండును. ఒక ప్రక్క శ్మశానవాటిక. అచ్చట చితులు పేర్చు తిన్నెలు. ఎదుట పేరియా సింధుశాఖ. ఆ నీటిలోనికి, ఒడ్డునుండి సుమారు 500 అడుగుల దూరము, ఒక సన్నని కట్ట పోవుచున్నది. కట్ట చివర తెల్లని గుడి. పోటు వచ్చినపుడు దాని చుట్టు నీరే. నీరు తీసినపుడు దాని చుట్టు బురదయే.

ఈ గుడి యిట్లు నీటి నడుమకు ఎందుకు పోయినది? ఒడ్డున నేల లేదా? కావలసినంత ఉన్నది. ఆ సంగతి తెలియుటకు మనము నూటయెనుబది యేండ్లు వెనుకకు పోవలెను.

ట్రినిడాడు దీవిని కొలంబసు 1498లో చూచెను. మూడువందల యేండ్లు అది స్పెయిను దేశపు టేలుబడిలో నుండెను. 1797లో ఇంగ్లీషువారు దానిని పట్టుకొనిరి. దీవి సంపద యంతయు చెఱకు. ఆ చెఱకును ఆఫ్రికాఖండమునుండి పట్టి తెచ్చిన బానిసలచేత పండించిరి. వారి చెమటయు, వారి నెత్తురును ఆ నేలలో ముందుగా ఇంకినవని మఱువరాదు. 1834లో బానిసత్వమును రద్దుపఱచు చట్టము అమలులోనికి వచ్చెను. ఐనను శిక్షణ యను పేరుతో ఇంక నాలుగేండ్లు వారిని పాత తోటలకే కట్టివేసిరి. 1838లో వారికి నిజమైన విడుదల కలిగెను. విడుదల పొందినవారు తమ్ము కొరడాతో కొట్టించిన తోటలలో తక్కువ కూలికి పనిచేయుటకు ఇష్టపడలేదు. అది సహజమే గదా!

తోటల యజమానులు చైనానుండి కొందఱిని, మెడీరా దీవినుండి కొందఱిని తెప్పించి చూచిరి. అవి చాలలేదు. అపుడు వారి చూపు హిందూదేశముపై పడెను. 1845వ సంవత్సరము ఫిబ్రవరిలో కలకత్తా రేవునుండి ఫతేల్ రజాక్ అను ఓడ బయలుదేరి, మూడు నెలలకు పైగా సముద్రముపై నడచి, మే 30వ తేదీని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ చేరెను. అందు వచ్చినవారు సుమారు 225 మంది. అది మొదలు 1917 వరకు ఓడలు వచ్చుచునే యుండెను. మొత్తము మీద ఆ యొక్క దీవికే సుమారు 1,44,000 మంది మనదేశీయులు చేరిరి.

వారిలో నూటికి తొంబదిమందికి మించి కాశీ, అయోధ్య, బీహారు ప్రాంతములవారు. భోజపురీ వారి పలుకు. మదరాసు రేవునుండియు కొన్ని ఓడలు పోయెను. వానిలో తమిళులతోపాటు తెలుగువారును ఉండిరి. దీవిలో వారినందఱిని కలిపి మదరాసీలనియే పిలిచిరి. అగ్నిగుండము త్రొక్కు వేడుకయు, అమ్మవారి కొలుపును అచ్చట మొదట నెలకొల్పినది వారే. కాలక్రమమున వారి పలుకు పెద్దపలుకులో కలిసిపోయెను. కావున నేను చెప్పుచున్న కథ తెలుగువాని కథ కాదు. తెలుగువాడు కూడ ఎక్కిన ఓడల కథ.

ఓడ యెక్కించుటకు ఊరూర తిరుగు దళారులను అర్కాటీలనిరి. పోవుచోటు చినీదాదు అనియు, అచ్చట పని చక్కెర జల్లించుట మాత్రమేయనియు చెప్పి వారు జనులను పిలుచుకొనిపోయిరని దీవిలోని వృద్ధులు నేటికిని చెప్పుకొందురు. చినీ యనగా హిందీలో చక్కెర. ఆ మాటను నమ్మినవాడు దిగిన తరువాత చూచినది జల్లెడ కాదు, కత్తి. ఒప్పందము అయిదేండ్లు. పురుషునికి దినమునకు ఇరువదియైదు సెంట్లు కూలి. జబ్బుపడి పనికి రానిచో అదియు లేదు. చీటి లేకుండ తోట దాటి రోడ్డుమీద కనబడినచో చెఱసాల. బానిసలు ఖాళీచేసిన పాకలే కొన్ని తోటలలో వీరికి బసలయ్యెను.

ఐనను ఈ జనులు అచ్చట ఒక క్రొత్త బంధుత్వమును కల్పించుకొనిరి. ఒకే యోడలో వచ్చినవారు జహాజీ భాయీలు, అనగా ఓడ తమ్ములు, ఓడ అన్నలు. కులము వేఱైనను, ఊరు వేఱైనను, తోడబుట్టినవారివలె మెలగుచు, వారి బిడ్డలకు తమలో తాము వియ్యములు కూడ మానుకొనిరి. కన్నవారిని, ఊరిని పోగొట్టుకొన్నవాడు ఓడనే తల్లిగా నెంచుకొనెను.

ఒప్పందము తీఱినవారిలో సుమారు నాల్గవ వంతు మాత్రమే స్వదేశమునకు మరలివచ్చిరి. తక్కినవారు అచ్చటనే నిలిచిపోయిరి. 1869 మొదలు సుమారు పదేండ్లు, తిరుగుప్రయాణమును వదులుకొన్నవారికి దానికి బదులుగా కొంత సర్కారు భూమి నిచ్చిరి. మఱికొందఱు కూడబెట్టి కొనుక్కొనిరి. నేల దొరకినవాడు రైతయ్యెను. దొరకనివాడు తోటకూలిగానే యుండిపోయెను. వాని కొడుకును అట్లే. వాని పాక నిలిచిన నేల తోటవారిది, వాడు నడుచు బాట తోటవారిది, వాని మేక మేయు గట్టు కూడ తోటవారిది.

నేల మాట యటుండనిండు. చట్టములోనైనను వారికి చోటు లేకపోయెను. హిందూ పద్ధతిని జరిగిన పెండ్లిని అచ్చటి సర్కారు 1940వ దశకము నడుమ వరకు పెండ్లిగా నెంచలేదు. అగ్నిసాక్షిగా కట్టుకొన్న భార్య చట్టము కంటికి భార్య కాదు. ఆమె కన్నబిడ్డ తండ్రి యాస్తికి నేరుగా వారసుడు కాడు. చనిపోయినవారిని దహనము చేయుటకును బహుకాలము అనుమతి లేదు. మనవారిని కూడ పాతిపెట్టవలసివచ్చెను. 1950 దాటిన తరువాతనే ఆ హక్కు లభించెను. నేడు వాటర్లూ ఒడ్డున చితులు పేర్చు ఆ తిన్నెలను మనము ఊరక దాటిపోయెదము గాని, అవియు పోరాడి గెలుచుకొన్నవే.

ఇక మన కథానాయకుని సంగతి. ఆయన పేరు శివదాస్ సాధు. 1903లో కాశీలో పుట్టెను. 1907లో, నాలుగేండ్ల పసివాడుగా, తల్లిదండ్రులతో ఓడలో ట్రినిడాడు చేరెను. వచ్చినవారినందఱిని మొదట నెల్సన్ ద్వీపమను చిన్న రాతిదీవిలో దింపి, వైద్యులు పరీక్షించి, తోటలకు పంచిపెట్టు కాలమది. తల్లిదండ్రులు వాటర్లూ చెఱకుతోటకు వచ్చిరి. పిల్లవాడు అచ్చటనే పెరిగి, తానును చెఱకు కోయు కూలి యయ్యెను. చదువుకొన్నవాడు కాడు, ధనవంతుడు కాడు, పదిమందిని వెంటబెట్టుకొని తిరుగు నాయకుడును కాడు. కూలిలో కొంచెము కొంచెము మిగుల్చుకొని స్వదేశమునకు యాత్ర పోయి వచ్చెను. వచ్చినవాని మనస్సులో ఒకటే కోరిక నిలిచెను: తన కూలిపేటలో ఒక గుడి యుండవలెను.

1947లో ఆయన సముద్రపుటొడ్డున ఒక చిన్న గుడి కట్టెను. ఆ స్థలము చక్కెర కంపెనీ వారిది. ఎందుకును పనికిరాని ఒడ్డునేల గదా, ఎవరు కాదందురని యనుకొని యుండవచ్చును. ఇరుగుపొరుగువారు వచ్చి పూజలు చేసికొనుచుండిరి. కొన్నియేండ్లు గడచెను. అంతట, అనుమతి లేక కట్టిన ఈ కట్టడమును తీసివేయవలసినదని కంపెనీనుండి తాఖీదు వచ్చెను. ఆయన తీయలేదు. వ్యాజ్యము నడచెను. 1952లో గుడిని పడగొట్టిరి. శివదాస్ సాధునకు 14 దినముల చెఱసాల శిక్షయు, జుల్మానాయు పడెను.

పెద్దలారా, ఇచ్చట కొంచెము నిలిచి ఆలోచింపవలెను. చట్టమును బట్టి చూచినచో కంపెనీ వారి మాట తప్పు కాదు. దస్తావేజు వారి పేరనున్నది. ఒకరి భూమిలో మఱొకరు అడుగకుండ కట్టరాదని మన ఊళ్లలోను తీర్పు చెప్పుదుము. కాని ఆ దస్తావేజు పుట్టుటకు ముందు ఆ నేల ఎవరిది? దానిని బురదనుండి పొలముగా మార్చిన చేతులు ఎవరివి? నలువది యేండ్లు ఒకే తోటలో బ్రదికిన మనుష్యునికి వేల్పును నిలుపుకొనుటకు చారెడు నేలపైనను హక్కు లేని యేర్పాటు చట్టమునకు సమ్మతమైనను ధర్మమునకు సమ్మతమగునా? న్యాయస్థానమునకు ఆ ప్రశ్న వేయు సందర్భము లేదు. చరిత్ర చదువువానికి ఉన్నది.

చెఱనుండి వచ్చినవాడు ఏమి చేయును? కొందఱు కోపముతో రగులుదురు. కొందఱు మనకెందుకని యూరకుందురు. ఈయన ఆ రెండును చేయలేదు. నేల కంపెనీది కావచ్చును, సముద్రము ఎవరిది? ఒడ్డున వలదన్నచో నీటిలో కట్టెదను, అచ్చటికి వచ్చి పొమ్మను యజమాని యుండడు గదా యని తలచెనట. ఆ తలంపు పుట్టుటకు ఒక్క క్షణము పట్టియుండును. దానిని నెఱవేర్చుటకు మిగిలిన బ్రదుకంతయు పట్టెను.

ఆయన పనిముట్లు ఏవి? ఒక పాత సైకిలు, రెండు బకెట్లు. తోటపని ముగించుకొని, రాళ్లు, ఇసుక, సిమెంటు ఆ బకెట్లలో నింపి సైకిలుకు తగిలించుకొని ఒడ్డుకు తెచ్చెను. సముద్రము దినమునకు రెండుమార్లు పొంగును, రెండుమార్లు తీయును. నీరు తీసిన ఆ కొన్ని గంటలే ఆయనకు పనివేళ. మోకాలిలోతు బురదలో దిగి, ఖాళీ నూనెపీపాలు నిలిపి, వానిలో రాళ్లును కాంక్రీటును కూరి గట్టిపఱచి, ఆ వరుసను ఒక్కొక్క అడుగే ముందుకు జరిపెను. పోటు వచ్చునప్పటికి ఒడ్డెక్కవలెను. మఱునాడు వచ్చి చూచినచో నిన్న పోసినదానిలో కొంత అలలు లాగికొనిపోయి యుండును. మరల పోయవలెను.

ఇట్లు ఒక్కనాడు కాదు, ఒక్క యేడు కాదు. చూచినవారు కొందఱు జాలిపడిరి, కొందఱు పిచ్చివాడనిరి. ఆయన ఎవరితోను వాదించలేదు. మెల్లమెల్లగా బాట ఏర్పడెను. బాట చివర దిమ్మె లేచెను. దిమ్మెపై గోడలు లేచెను, పైకప్పు పడెను. నడుమ నడుమ సముద్రము కొంత కోసివైచుచునే యుండెను. 1962లో ట్రినిడాడు స్వతంత్రదేశమయ్యెను. కంపెనీ దొరల కాలము క్రమముగా తగ్గెను. ఐనను శివదాస్ సాధు పని ముగియలేదు. గుడి పూర్తిగా ముగియకయే 1970లో ఆయన కన్ను మూసెను.

రామసేతువు కట్టినపుడు ఉడుత చేసిన సాయము మనకందఱకును తెలిసినదే. ఆ ఉడుతకు చుట్టును వానరసేన యున్నది, నడిపించుటకు నలుడున్నాడు, చూచి వీపు నిమిరిన స్వామి యున్నాడు. ఈ వాటర్లూ ఉడుతకు అవేవియు లేవు. సేనయు తానే, నలుడును తానే.

ఆయన పోయిన తరువాత ఆలనాపాలనా లేక, ఉప్పుగాలికిని అలలకును గుడి పాడుపడజొచ్చెను. అట్లే పోయియున్నచో నేడు నేను మీకు చెప్పుటకేమియు లేకుండెడిది. కాని 1995లో మనవారు ఆ దీవిలో అడుగుపెట్టి 150 ఏండ్లు నిండెను. దానిని జాతీయోత్సవముగా జరుపుచు, ప్రభుత్వమువారును ప్రజలును కలిసి ఈ గుడిని మరల గట్టిగా కట్టించిరి. అష్టకోణముగా నున్న నేటి కోవెల అదియే. ఒకనాడు ఏ ప్రభుత్వపు చట్టము ఆయనను చెఱకు పంపెనో, ఆ ప్రభుత్వపు పీఠముపై కూర్చున్న తరువాతివారు ఆయన ప్రారంభించిన పనిని ముగించిరి. కట్ట మొదట ఆయన విగ్రహము నిలిపిరి. అదే సంవత్సరము చివర చక్కెర కార్మికుల సంఘమునకు నాయకుడైన వాసుదేవ్ పాండే ఆ దేశమునకు ప్రధానమంత్రి యయ్యెను. భారతసంతతివారిలో ఆ పదవి నందిన మొదటివాడు ఆయనయే.

ఇక చెఱకు సంగతి వినుడు. ఆ తోటలు 1975 నాటికి పూర్తిగా సర్కారు చేతిలోనికి వచ్చెను. నష్టములు పెరిగి 2003లో ఆ సర్కారు కంపెనీ మూతపడెను. సుమారు 9,000 మంది పని పోగొట్టుకొనిరి. వారికి పరిహారముతోపాటు రెండేసి యెకరముల సాగునేలను కౌలునకు ఇచ్చుటకు ప్రభుత్వము ఒప్పుకొన్నది. ఆ పంపకము ఏండ్ల తరబడి సాగినది. దీవికి మనవారిని రప్పించిన చెఱకే నేడు అచ్చట అడుగంటినది. మేము వచ్చిన దారికి ఇరుప్రక్కల ఒకనాటి చెఱకుపొలములలో ఎన్నియో గడ్డి మొలచి యుండుట చూచితిమి. దస్తావేజు గల కంపెనీ లేదు. దాని గానుగలు లేవు. దస్తావేజు లేని గుడి మాత్రము నీటి నడుమ నిలిచియున్నది.

ఐతే దీనిని గెలుపనియే చెప్పి ముగించుటకు నాకు మనసొప్పదు. ఒక మనుష్యుని రెండు దశాబ్దముల సాయంకాలములు బురదలో గడచిపోవుట సులభముగా మెచ్చుకొని మఱచిపోదగిన సంగతి కాదు. ఆయనకు మొదటనే ఒక సెంటు భూమి ఎవరైన ఇచ్చియున్నచో ఆ సాయంకాలములు ఆయన తన యింట గడపియుండును. ఓర్పును కొనియాడునపుడు, ఆ యోర్పును అవసరముచేసిన అన్యాయమును కూడ పేరుపెట్టి చెప్పవలెను. లేనిచో మన మెప్పుకోలు అన్యాయమునకే ఊతమగును.

నేను కట్టమీద నడచి గుడి చేరునప్పటికి ప్రొద్దు వాలుచుండెను. ఎవరో వెలిగించిన దీపము ఒకటి గాలికి ఆరకుండ ఒక మూల మినుకుచుండెను. కట్ట వెంబడి కట్టిన జెండాలు రెపరెపలాడుచుండెను. నీరు మెల్లగా పొంగి, నేను వచ్చినపుడు బురదగా నున్న చోటును కప్పుచుండెను. దూరమున మడచెట్ల మీదుగా ఎఱ్ఱని కంకణపక్షుల బారు ఒకటి ఎగిరిపోయెను. ఆ దేశపు జాతీయపక్షులలో అది యొకటి. దర్శనమునకు వచ్చిన కుటుంబమువారు నన్ను చూచి, హిందూదేశమునుండి వచ్చితినని విని, ఏ ఊరని యడిగిరి. నేను మా ఊరి పేరు చెప్పితిని. వారి ఊరేదని నేనడుగగా, వారు నవ్వి ఊరకుండిరి. వారికి తెలియదు. ముత్తాత ఓడ యెక్కినాడని మాత్రమే తెలియును.

ఈ ఒక్క సంగతియే నేను మీకొఱకు అచ్చటినుండి తెచ్చితిని. ఓడ యెక్కిన ప్రతి మనుష్యునకును ఒక చీటి వ్రాసిరి. అందు పేరు, తండ్రి పేరు, కులము, జిల్లా, ఠాణా, గ్రామము, ఒడ్డు పొడవు, ఒంటిమీది పుట్టుమచ్చ కూడ చేర్చిరి. ట్రినిడాడు ప్రభుత్వపు దస్తావేజులశాలలో వేలకొలది అట్టి పత్రములు భద్రముగా నున్నవి. వానిని వెదకి, ఆ గ్రామము పేరు పట్టుకొని, కాశీ బీహారు ప్రాంతములకు వచ్చి తమ వంశమును గుర్తించుకొనినవారు ఉన్నారు. మదరాసు రేవునుండి నేటాలునకును, ఫిజీ దీవులకును పోయినవారి పత్రములలో మన విశాఖపట్టణము, గోదావరి జిల్లాల గ్రామముల పేర్లును ఉన్నవి. దొరల గుమాస్తా చెవికి వినబడిన తీరున ఇంగ్లీషులో వ్రాసిన పేర్లు అవి. అక్షరములు కలగాపులగముగా నుండును. చదివి ఏ ఊరో పోల్చుకొనవలెనన్నచో ఆ ప్రాంతపు పెద్దలవలననే అగును.

కావున, పెద్దలారా, ఒకనాడు ఎవరో పరదేశపు వేషముతో, తెలుగు రాని నోటితో, చేత ఒక కాగితము పట్టుకొని మీ రచ్చబండ వద్దకు రావచ్చును. నూటయేబది యేండ్ల క్రిందట ఊరు విడిచిన ఒక పేరును గూర్చి అడుగవచ్చును. ఆస్తికి వచ్చినాడేమోయని శంకింపకుడు. అతడు నేల అడుగుటకు రాలేదు. తన ముత్తాత ఏ చెఱువు నీరు త్రాగెనో, ఏ గుడిముందు దండము పెట్టెనో చూచిపోవుటకు వచ్చినాడు. మీ పాత లెక్కలు విప్పి చూడుడు. ఊరిలో అందఱికంటె వయస్సు మీఱిన ముత్తవ్వ నొకమాటు అడుగుడు. ఇంటిపేరు కలిసినచో సరి. కలియకున్నను ఒక పూట భోజనము పెట్టి, ఊరి గుడి చూపించి పంపుడు.

శివదాస్ సాధునకు ఒడ్డున చోటు దొరకక సముద్రములో వెదకుకొనెను. వారి మనుమలకు మన యూరిలో ఒక పూట నిలుచు చోటు చూపుటకు మనకేమియు ఖర్చు లేదు.

ఇక సెలవు.